ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే లాభం ఉందా?

మీ ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ వస్తోందని పేపర్లో ప్రకటన పడిందని, వచ్చే నెల పబ్లిక్ హియరింగ్ ఉందని రాశారు. "ఎలాగూ పర్మిషన్ ఇచ్చేస్తారు కదా, పని మానుకుని వెళ్లడం దేనికి? రేపు వ్యర్థజలం వాగులోకి వదిలితే పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వాళ్లు పట్టించుకుంటారా?" అని అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కొంచెం పొడుగైనా వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను కనీసం నలభై ఊళ్లలో అడిగారు.

ముందు నా సంగతి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి పన్నెండేళ్లు ఒక కన్సల్టెన్సీలో ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టుల కోసం గాలి, నీళ్లు, మట్టి శాంపిళ్లు తీసేవాణ్ణి. ఆ తర్వాత అటువైపు నుంచి ఇటువైపు వచ్చి, అవే రిపోర్టుల్లో ఏముందో ఊళ్లవాళ్లకు చదివి చెబుతున్నాను.

హియరింగ్‌కి తప్పకుండా వెళ్లండి. అయితే అక్కడ ఓటింగ్ ఉంటుందని, ఎక్కువమంది వద్దంటే ఆగిపోతుందని అనుకుంటే నిరాశపడతారు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌లో ఓటు అన్న మాటే లేదు, కోరం కూడా లేదు. పదిమంది వచ్చినా హియరింగ్ జరిగినట్టే లెక్క. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ గని వద్దని 2013లో పన్నెండు గ్రామసభలు తీర్మానిస్తే గని ఆగింది. కానీ అది అటవీ హక్కుల చట్టం కింద, సుప్రీంకోర్టు ఆదేశం మీద జరిగిన సభల దారి. మీ ఊళ్లో జరగబోయేది వేరు. ఇక్కడ మీరు చెప్పింది రికార్డవుతుంది. ఆ రికార్డు ఢిల్లీలోనో రాష్ట్ర రాజధానిలోనో నిపుణుల కమిటీ ముందుకు వెళ్తుంది. రేపు కోర్టుకు వెళ్లినా అదే రికార్డును తిరగేస్తారు.

అందుకే ఆ రోజు మైకు ముందు ఎంత గట్టిగా అరిచారన్నది లెక్కలోకి రాదు. మినిట్స్‌లో, అంటే సభలో ఏం జరిగిందో రాసే అధికారిక కాగితంలో, ఏం పడిందన్నదే లెక్క. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరెవరు ఏమన్నారో సారాంశాన్ని అక్కడే, స్థానిక భాషలో, సభలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే అధ్యక్షుడు అదే రోజు సంతకం పెట్టాలి. నేను చూసిన సభల్లో సగానికి పైగా ఈ చివరి ఘట్టం వచ్చేసరికి జనం బిర్యానీ పొట్లాల దగ్గరో, గొడవ దగ్గరో ఉండేవారు. చదివి వినిపించే దాకా ఊళ్లో నలుగురు కుర్చీల్లోంచి కదలకుండా కూర్చోవాలి. ఏదైనా వదిలేస్తే లేచి, "అయ్యా, మా వాగు సంగతి రాయలేదు" అని అడగాలి. మాట్లాడిన ప్రతి విషయాన్నీ రాతపూర్వకంగా కూడా ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

దీనివల్ల ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట వాళ్లని అడగండి. అక్కడ థర్మల్ ప్లాంటు కోసం ఇచ్చిన భూమి కాగితాల్లో పనికిరాని నేల. జనానికి మాత్రం అది బీల. సంవత్సరం పొడవునా నీళ్లుండే చిత్తడి నేల, దాని మీదే చేపలు, వ్యవసాయం, పశువుల మేత. ఈ మాట వాళ్లు హియరింగ్‌లో చెప్పారు, రాసి ఇచ్చారు. అయినా అనుమతి వచ్చింది. ఆ రాతలన్నీ పట్టుకుని అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్లారు. 2010 జూలై 14న ఆ అథారిటీ అనుమతిని కొట్టేసింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రెండు వార్తలూ ఒకే పూట విన్న రోజును నేను మర్చిపోలేను. కాగితం ఒక్కటే గెలిపించిందని చెప్పను, వాళ్ల పోరాటం చాలా పెద్దది. కానీ "ఇది బంజరు కాదు, బీల" అన్న మాట రికార్డులో లేకపోతే అప్పీలు నిలబడేది కాదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సమయం గురించి. నోటీసుకీ హియరింగ్‌కీ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఈ 30 రోజుల్లో ముసాయిదా ఈఐఏ రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో జనానికి అందుబాటులో ఉండాలి. సారాంశం తెలుగులో ఉండాలి. అసలు రిపోర్టు మూడు నాలుగు వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది. భయపడకండి. డిగ్రీ చదువుతున్న పిల్లలు ఇద్దరు, ఊరి పొలాలన్నీ తెలిసిన పెద్దాయన ఒకరు కలిసి కూర్చుంటే చాలు. ఇక్కడ కెమిస్ట్రీ కన్నా ఊరి జ్ఞానమే ఎక్కువ పనికొస్తుంది.

ఎందుకంటున్నానో చెబుతాను. రిపోర్టు రాసే కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చేది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లే. మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది ఇదే. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని రిపోర్టులో రష్యాలోని గని రిపోర్టు నుంచి ఎత్తి రాసిన భాగాలు దొరికాయి. అంత దూరం పోనవసరం లేదు, నా సొంత అనుభవమే ఉంది. గాలిలో దుమ్ము కొలిచే మిషన్‌ని పంచాయతీ ఆఫీసు మేడ మీద పెట్టి 24 గంటలు నడపాలి. తెల్లటి ఫిల్టర్ పేపర్‌ని ముందు తూచి, నడిపాక మళ్లీ తూచి, ఆ తేడాను బట్టి లెక్క కడతాం. వారానికి రెండు రోజుల చొప్పున పన్నెండు వారాలు చేయాలి. ఒక ఊళ్లో రాత్రి పదకొండుకి కరెంటు పోయి తెల్లవారుజామున ఐదుకి వచ్చింది. నేను మేడ మీదే పడుకున్నాను. మిషన్ చప్పుడు ఆగగానే మెలకువ వచ్చింది. పైకి లేచి టార్చి వేసి మీటరు రీడింగ్ రాసుకున్నాను. రిపోర్టులో మాత్రం 24 గంటలు నడిచినట్టే అచ్చయింది. ఆ డేటా షీటు మీద ఉన్న సంతకం నాదే. ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టాను. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ పని వదిలేయడానికి అది కూడా ఒక కారణం.

అందుకని రిపోర్టు చేతికి రాగానే ముందు నీళ్ల అధ్యాయం తీయండి. ఫ్యాక్టరీ చుట్టూ పది కిలోమీటర్లలో ఉన్న వాగులు, చెరువులు, కుంటల పేర్లు రాసి ఉంటాయి. మీ ఊరి చెరువు అందులో ఉందా? వాగు ఏ చెరువులో కలుస్తుందో సరిగ్గా రాశారా? శాంపిళ్లు ఏ నెలల్లో తీశారు? నిబంధన ప్రకారం వానాకాలం తప్ప ఏదో ఒక సీజన్ డేటా ఉంటే సరిపోతుంది. దాంతో మార్చి నుంచి మే వరకు తీసిన రిపోర్టులో మీ వాగు ఎండిపోయిన కాలువలా కనిపిస్తుంది. జూలైలో అది పొలాల గట్లు తెంచుకుని పారుతుందని ఆ కమిటీలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? మీరు చెబితేనే తెలుస్తుంది. కిందటి వానాకాలం ఫోన్లో తీసిన వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే అదే మీకు గట్టి సాక్ష్యం.

తర్వాత చూడాల్సింది మొక్కలు, పక్షుల జాబితా. మీ దగ్గర లేని చెట్టు అందులో ఉంటే, ఉన్నది లేకపోతే, పేజీ నంబరుతో సహా రాయండి. ఇంకొకటి: రోజుకు ఎన్ని వేల లీటర్ల నీళ్లు వాడతారు, అవి ఎక్కడివి, వ్యర్థజలం ఎంత, అది చివరికి ఎక్కడికి పోతుంది? "జీరో లిక్విడ్ డిశ్చార్జ్, చుక్క కూడా బయటికి రాదు" అని సభలో చెబుతారు. మంచిదే. మరి ఆవిరి చేశాక మిగిలే ఉప్పు నెలకు ఎన్ని టన్నులు, ఏ డంపింగ్ యార్డుకి వెళ్తుంది, వాళ్లతో ఒప్పందం ఉందా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు సభలో నీళ్లు నమిలిన కంపెనీలను చాలా చూశాను.

మీ ప్రశ్నలు మీ జీవితంలోంచి వస్తే చాలు. ఒక ఊళ్లో పాత ఫ్యాక్టరీ విస్తరణకు హియరింగ్ పెట్టారు. నాయకులు గంటన్నర ఉపన్యాసాలిచ్చారు. ఆఖర్న ఒక రైతు ప్లాస్టిక్ కవర్‌లోంచి పాల కేంద్రం చీటీల కట్ట తీశాడు. మూడేళ్ల చీటీలు, తేదీల వారీగా దారంతో కట్టి ఉన్నాయి. అవే రెండు గేదెలు, అదే దాణా, నీళ్లు మాత్రం వాగువి. పూటకు పదకొండు లీటర్ల నుంచి నాలుగుకి పడిపోయిన లెక్క అందులో ఉంది. "నాకు మాట్లాడటం రాదు సార్, ఇవి చూడండి" అని బల్ల మీద పెట్టాడు. అధ్యక్షత వహించిన అధికారి వాటిని జిరాక్స్ తీయించి మినిట్స్‌కి జత చేయించారు. తర్వాత కమిటీ కంపెనీని అడిగిన ప్రశ్నల్లో మొదటిది ఆ వాగు గురించే. ఊరికి పైపు నీళ్లు ఇవ్వాలని, నాలుగు బోర్లలో ఏడాదికి నాలుగుసార్లు పరీక్షలు చేయించాలని షరతులు పడ్డాయి. ఉపన్యాసాల ఊసే రాలేదు.

మీకు అసలు హియరింగ్ వచ్చిందే అదృష్టం అని కూడా చెప్పాలి. బీ2 అనే కేటగిరీలో వేస్తే హియరింగే ఉండదు. 2020 మార్చిలో కోవిడ్ పేరు మీద బల్క్ డ్రగ్ ప్రాజెక్టులను కొంతకాలం అందులోకి మార్చారు. 2021లో ఇథనాల్ ప్రాజెక్టుల్ని కూడా అటు వేశారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం హైవే మీద కూర్చుంది ఇథనాల్ ఫ్యాక్టరీ మీద కోపంతోనే. అడిగే చోట అడగనివ్వకపోతే జనం రోడ్డు మీదికే వస్తారు. హియరింగ్ వల్ల ఆలస్యమవుతోందని మినహాయింపులు ఇస్తున్నవాళ్లు, దిలావర్‌పూర్‌లో పనులు ఆగిపోయిన సంగతి కూడా లెక్క వేయాలి.

ఇక మీ రెండో ప్రశ్న. వాగులోకి వదిలితే పట్టించుకుంటారా?

దీనికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఎక్కువసార్లు వాళ్లంతట వాళ్లు పట్టించుకోరు. కొందరు అధికారులు అమ్ముడుపోతారన్నది నిజమే, నేను చూశాను. కానీ దాన్ని మించిన కారణం మనుషులు లేకపోవడం. దేశం మొత్తం మీద కాలుష్య నియంత్రణ మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయి. ఒక ప్రాంతీయ కార్యాలయంలో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు వందల ఫ్యాక్టరీలను చూడాలి. వాళ్లకే కోర్టు కేసులు, వినాయక నిమజ్జనం, ఆసుపత్రి చెత్త, మీ ఫిర్యాదు. నిజాయతీగా పనిచేసే ఇంజనీర్లు నాకు తెలుసు. ఏడాదికి ఒకసారి కూడా ప్రతి గేటులోకీ వెళ్లలేక కుమిలిపోతారు.

దానికి తోడు శిక్ష భయం తగ్గింది. 1984లో భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టంతో అది తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాగా మార్చారు. ఎప్పుడూ ఎవరూ జైలుకి పోని చట్టం కన్నా గట్టిగా వసూలయ్యే జరిమానా నయం అన్న వాదన ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకి 15 లక్షలు ఏపాటి? ఒక మంచి వార్త ఏమిటంటే, నష్టపరిహారం వసూలు చేసే అధికారం మండళ్లకే ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని వాడతారో లేదో చూడాలి.

హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు చూడండి. డాక్టర్ కిషన్ రావు లాంటి స్థానికులు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. అక్కడి కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో మొదలైన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి చేరి 2017లో తేలింది. మధ్యలో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. అది శుద్ధి చేసిన తర్వాతి నీరు. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీళ్లలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. అంటే మీ ఊరి ఫ్యాక్టరీ బయటికి వదిలే నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత ఉండాలన్నది ఆ నిబంధనల్లో లేదు. ఉండాలని మీరు హియరింగ్‌లో అడగండి. ప్రాజెక్టుకు ప్రత్యేకంగా షరతు పెట్టమని సిఫారసు చేసే అధికారం కమిటీకి ఉంది.

అందుకే నేను ఎక్కడికెళ్లినా హియరింగ్ కన్నా, అనుమతి వచ్చిన తర్వాతి రోజుల గురించే ఎక్కువ చెబుతాను. హియరింగ్ రోజు రెండు వేల మంది వస్తారు. ఏడాది తర్వాత అనుమతి పత్రం చదివినవాడు ఊళ్లో ఒక్కడూ ఉండడు. ఆ పత్రంలో ముప్పై నలభై షరతులుంటాయి: ఎంత నీరు, ఎన్ని మీటర్ల చిమ్నీ, ఎంత మేర పచ్చదనం, ఏ బోర్లు పరీక్షించాలి. వాటిని ఎలా పాటిస్తున్నదీ కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న రిపోర్టు ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం అవి బహిరంగ పత్రాలు, అడిగిన ఎవరికైనా కాపీ ఇవ్వాలి. అలాగే 1974 నీటి చట్టం సెక్షన్ 25 ప్రకారం, వ్యర్థజలం వదలడానికి మండలి ఇచ్చే సమ్మతి పత్రాల్లో పెట్టిన షరతుల రిజిస్టరు మండలి దగ్గర ఉండాలి. ఆ వ్యర్థజలం వదిలే కాలువ వల్ల ప్రభావితమయ్యేవాళ్లు ఆఫీసు వేళల్లో వెళ్లి చూసుకోవచ్చు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

అనుమతి వచ్చిన సంగతి కంపెనీ రెండు స్థానిక పేపర్లలో ప్రకటించాలి, పంచాయతీకి కాపీ ఇవ్వాలి. ఆ తేదీ రాసిపెట్టుకోండి. ట్రిబ్యునల్‌కి అప్పీలు 30 రోజుల్లో వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది. మనకి చెన్నై ధర్మాసనం. మంచి కేసులు ఈ తేదీ దగ్గరే పోవడం నేను చూశాను.

వాగులో నీళ్లు వదిలినప్పుడు మీరు సీసాలో పట్టుకెళ్తే "ఇది చెల్లదు" అంటారు. చట్టం ప్రకారం అది నిజమే. నీటి చట్టం సెక్షన్ 21 కింద ఫ్యాక్టరీ వాళ్లకు నోటీసిచ్చి, వాళ్ల ఎదుట శాంపిల్ తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెడితేనే కోర్టులో నిలబడుతుంది. కాబట్టి మీ సీసా సాక్ష్యంగా పనికిరాకపోయినా, అధికారిని అక్కడికి రప్పించడానికి పనికొస్తుంది. నురుగు కనపడిన నిమిషంలోనే తేదీ, లొకేషన్ పడేలా వీడియో తీసి, ప్రాంతీయ కార్యాలయానికి ఫోను, వాట్సాప్, ఈమెయిలు మూడూ చేయండి. ఎక్కువగా వాన పడే రాత్రులే ఇది జరుగుతుంది, తెల్లారేసరికి కొట్టుకుపోతుంది. మూడు నాలుగు ఫిర్యాదులకూ కదలకపోతే, 60 రోజుల నోటీసిచ్చి నేరుగా కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు అదే చట్టం సెక్షన్ 49 కింద మీకుంది.

అనుమతే లేకుండా నడిపితే? విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి 2020 మే 7న స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. తమకు పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే అంతకు ఏడాది ముందు అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అప్పుడే ఎవరైనా ఆ కాగితం చూసి గేటు మూయించి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. ముందు కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతిని 2025 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్లీ నవంబరులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. కాబట్టి పునాది తవ్వే రోజే "అనుమతి పత్రం చూపించండి" అని అడగండి. గోడలు లేచాక అడిగితే కోర్టు కూడా పెట్టిన డబ్బు గురించి ఆలోచిస్తుంది.

ఈ వారంలోనే ఒక పని మొదలుపెట్టండి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు మార్కెట్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. మీ ఊళ్లో పది బోర్లు, రెండు బావులు, వాగు ఎంచుకుని నెలకోసారి, ఒకే తేదీన కొలవండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 2000 వరకు ప్రమాణం ఒప్పుకుంటుంది. మీటరు చెప్పేది కరిగిన లవణాల సంగతే. సాల్వెంట్లు, మందులు అందులో తెలియవు, వాటికి ల్యాబ్ కావాలి. అయినా అంకె ఒక్కసారిగా ఎగబాకితే ఎక్కడో ఏదో కలిసిందని తెలుస్తుంది. నోటుబుక్కులో తేదీ, బోరు ఎవరి పొలంలోది, ఎంత లోతు, ఎంత వచ్చింది రాసి, పంచాయతీ కార్యదర్శి చేత సంతకం పెట్టించండి. ఫ్యాక్టరీ రాకముందు మీ నీళ్లు ఎలా ఉండేవో చెప్పే కాగితం ఇప్పుడు కంపెనీ దగ్గర మాత్రమే ఉంది. హియరింగ్ రోజు మొదటి నెల పేజీ కలెక్టర్ గారికి ఇచ్చి, మినిట్స్‌కి జత చేయమని అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక నీళ్ల అధ్యాయం ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. నేను కూడా చదువుతాను.